చెవిన పడని కబురు

పెళ్ళి ఇంకా ఐదు రోజులుందనగా, బళ్ళారి కౌల్ బజార్ నుంచి దేవరాజ్ అనే ఇన్సూరెన్సు ఏజెంటు ఎమ్మిగనూరు వచ్చి, నాగలక్ష్మమ్మ మంచానికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మనవరాలు అనూష పెళ్ళికి పాలసీ తీసుకుంటున్నది మనవడు విక్రమ్. నాలుగు లారీలున్నవాడు, లారీకి చేయించినట్టే చెల్లెలి పెళ్ళికీ చేయిస్తున్నాడు. పదకొండు వేలు కడితే చాలు. గాలివానకు పందిరి కూలినా, నిప్పంటుకుని కాలినా, నగలు పోయినా, పెళ్ళికూతురికో పెళ్ళికొడుక్కో వాళ్ళ తల్లిదండ్రులకో ఏదైనా అయ్యి పెళ్ళి ఆగినా, నష్టం కంపెనీది.

"మరి జేజి?" అని విక్రమ్ మంచం వైపు చూడకుండా అడిగాడు.

"డెబ్బై దాటినోళ్ళకు రాదప్పా. అందులోనూ గుండెజబ్బు." ముసలామెకు చెవుడనుకుని దేవరాజ్ గొంతు కూడా తగ్గించలేదు.

ఆమెకు చెవుడు లేదు. మొగుడు పోయాక చెరకు తోటకు తనే నీళ్ళు కట్టి, ముగ్గురు బిడ్డల పెళ్ళిళ్ళు చేసిన మనిషి. ఆ ఇంట్లో ఏ పెళ్ళి పసుపైనా ఆమె చేత్తో దంచిందే. ఇప్పుడు వానకూ, మంటకూ, దొంగకూ పూచీ దొరికింది, దొరకనిది తనొక్కతికే.

ఆ సాయంత్రమే, తనను కెంచనగుడ్డలో తమ్ముడి ఇంట్లో దించమంది. పందిరి రాట నాటాక ఇంట్లో పీనుగ లేస్తే పెళ్ళి ఆగుతుంది. దూరాన ఎక్కడో పోతే, ఆ కబురు చెవిన పడేదాకా మైల అంటదు. పాతవాళ్ళకు తెలిసిన పాలసీ ఇది. సంతకాలు అక్కర్లేదు.

"అదేం మాట జేజీ, ఉండు" అన్నాడు విక్రమ్. ఒక్కసారే అన్నాడు. రెండోసారి అని ఉంటే ఆమె ఉండిపోయేదే. తెల్లారి కారు వచ్చింది. గాలి మార్పు కోసమని అనూషకు చెప్పారు.

తమ్ముడు పోయి చాలా ఏళ్ళయింది. అతని భార్య సిద్దక్క ఒక్కతే ఉంటోంది, తుంగభద్ర ఒడ్డున. తాళి పడేదాకా ఎమ్మిగనూరు నుంచి ఫోనొస్తే తీయనని నాగలక్ష్మమ్మ ఆమెతో ఒట్టు వేయించుకుంది. రోజూ తీసి ఒకరోజు తీయకపోతేనే అనుమానమొస్తుందట.

"అంతవరకు పీనుగను పక్కన పెట్టుకోని కూకోవల్లనా వదినా?"

"నేనేమన్నా అన్నం అడుగుతానా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ రోజులు నీళ్ళ మీద తేలినట్టు గడిచాయి. వాకిట్లో నులకమంచం మీద కళ్ళు మూస్తే, నది చప్పుడు పందిట్లో జనం చప్పుడయ్యేది. ఎవరో అనూష చెంపలకు పసుపు రాస్తున్నారు. ఆ చేతులు తనవే, ముడతలు మాత్రం లేవు. కళ్ళు తెరిస్తే ఒక కొంగ, ఎండ, అవతలి ఒడ్డు. తానింకా ఉన్నట్టేనా అని తేల్చుకోవడానికి ఒక్కోసారి ఊరికే మంచినీళ్ళు అడిగేది.

పెళ్ళినాడు ముహూర్తం పదీ నలభైకి. పదింటికి ఫోను మోగింది. తెర మీద అనూష మొహం.

"బతికే ఉండావు కదా వదినా. ఒక్క మాట చెప్తే ఏమయితాది?"

పొద్దుటి నుంచీ నాగలక్ష్మమ్మకు ఊపిరి అందడం లేదు. "నా ఆయాసం ఇంటే పిల్ల పీట మీద కూకోదే" అంది.

ఫోను ఆగింది. మళ్ళీ మోగి, మళ్ళీ ఆగింది.

పదకొండుకు ఆమే కలపమంది. అవతల ఎవరు ఎత్తారో, పలకలేదు. డోలు, సన్నాయి, భోజనాలకు లేవమంటున్న కేకలు.

"అయిందంటనా?" అంది సిద్దక్క.

నాగలక్ష్మమ్మ చేయెత్తి ఊరుకోమంది. ఫోను చెవికి గట్టిగా అదుముకుని, అంత సందడిలో పిల్ల గొంతు ఎక్కడైనా వినిపిస్తుందేమోనని వెతుక్కుంటూ ఉంది.