రఘునాథపల్లి దాటాక తిరగని మీటరు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి. మా బాపు గూడ్సు బండ్లకు గార్డుగా చేసి రిటైరయ్యాడు. అర్ధరాత్రి అడవుల్లో ఆగిన బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చున్న మనిషి. ఎవరైనా దయ్యం కథ చెబితే నవ్వి ఊరుకునేవాడు. ఆదివారం చర్చికి పోతాం, ప్రార్థన చేసుకుంటాం. అంతకు మించి కంటికి కనపడనిదాని గురించి మా ఇంట్లో మాట ఉండేది కాదు.

కాబట్టి ఇది నమ్మమని ఎవరినీ అడగను. నేను చూసింది రాస్తున్నాను.

హన్మకొండలో నాకు మీటర్లు బాగుచేసే చిన్న షాపు ఉండేది. బండి ఎంత వేగంతో పోతోందో చూపించే ముల్లు, మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే అంకెలు, ఈ రెండూ ఉండే డబ్బాతోనే నా బతుకుదెరువు. ఆ అంకెల్ని వెనక్కి తిప్పడం ఎంత తేలికో తెలిసినవాణ్ణి గనక, పాత కారు కొనేవాళ్ళు నన్ను వెంట తీసుకుపోయేవారు.

నేను మీటరు ఆఖరున చూసేవాణ్ణి. ముందు క్లచ్చు పెడలు మీద రబ్బరు ఎంత అరిగిందో చూస్తాను. డ్రైవరు సీటు ఎంత కుంగింది, స్టీరింగు మీద చేతులు ఆనే చోట ఎంత నునుపు తేలింది, తలుపు తెరిచి కాస్త పైకి ఎత్తితే ఎంత ఊగుతోంది, ఇవన్నీ చూశాక మీటరు దగ్గరికి వస్తాను. మనిషి అబద్ధం చెప్పినా పెడలు చెప్పదు.

ఎనభైల మొదట్లో మా డేవిడ్ బావ ఒక కారు చూశానని వచ్చాడు. మా సరోజక్క భర్త ఆయన. మందుల ఏజెన్సీ నడిపేవాడు, వారానికి రెండుసార్లు హైదరాబాద్ పోయి వచ్చేవాడు. మనిషికి వేగం పిచ్చి. ఆ కారు మట్టెవాడలో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో ఉంది. వాళ్ళ అబ్బాయి శ్రీనివాస్ మద్రాసు పోయి రేసులు చూసి వచ్చి, మామూలు కారుకు రెండు కార్బొరేటర్లు పెట్టించి, ఇంజను పని చేయించి, జోరు బండిగా మార్చాడు. కంపెనీ పేరు రాయను. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు.

"పందొమ్మిది వేలే తిరిగిందట ప్రకాశ్! కొత్తదాని లెక్కనే ఉంది" అన్నాడు బావ.

"జోరు బండికి కిలోమీటర్లు చూసి మురిసిపోవద్దు బావా. ఉరికించి తోలితే పందొమ్మిది వేలకే ఇంజను పస పోతది" అన్నాను.

ఇద్దరం వెళ్ళాం. దుకాణం వెనక షెడ్డులో, గుడ్డ కప్పి ఉంది. చాలాసేపు చూశాను. పెడలు రబ్బరు మీద గీతలు ఇంకా చెరిగిపోలేదు. తలుపు ఊగలేదు. ఇంజను సాఫీగా ఉంది. మీటరు వెనక సీలు కదల్లేదు. మీటరు చెప్పిందీ బండి చెప్పిందీ ఒక్కటే. నా అనుభవంలో అలాంటి బండి అరుదు.

మేం బయలుదేరుతుంటే శ్రీనివాస్ మేడ మీంచి దిగి వచ్చాడు. ముప్పై కూడా నిండని మనిషి, గడ్డం పెరిగి ఉంది. కారు వైపు చూడకుండా నాతో అన్నాడు.

"మీటరు నేను ముట్టలేదన్నా. ఎంత తిరిగిందో గంతనే ఉంది."

వాళ్ళ నాయన మెల్లగా చెప్పాడు, కోడలు చనిపోయిందనీ, అప్పటినుంచి కొడుకు బండెక్కలేదనీ. అంతకంటే అడగడం బాగుండదని ఊరుకున్నాం. బావ కారు కొనేశాడు.

నెల తిరగకుండానే బావ షాపుకొచ్చాడు.

"పోయేటప్పుడు తక్కువ చూపెడ్తాంది, వచ్చేటప్పుడు ఎక్కువ చూపెడ్తాంది. తొవ్వ ఒక్కటే గదా? పెట్రోలు ఆవరేజ్ చూద్దామంటే లెక్క కలుస్తలేదు."

నేను నవ్వాను. లోపల పళ్ళచక్రం ఏదో జారుతుందనుకున్నాను. మర్నాడు పొద్దున బావ పక్కన కూర్చుని, ఒక నోటు పుస్తకం పట్టుకుని బయలుదేరాను. రోడ్డు పక్కన ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా మీటరు అంకె రాసుకున్నాను. కాజీపేట నుంచి రఘునాథపల్లి దాకా తేడా లేదు. ఊరు దాటాక సున్నం వేసిన ఒక చిన్న కల్వర్టు వచ్చింది. అక్కడ అంకెలు ఆగిపోయాయి.

ముల్లు మాత్రం తొంభై మీదే ఉంది. ముల్లుకూ అంకెలకూ గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు ఒక్కటే. కేబులు తెగితే రెండూ ఆగాలి. అంకెల చక్రం పాడైతే ఎక్కడైనా ఆగాలి. ఇవి జనగామ దాకా ఆగి, ఊళ్ళో ఒక డాక్టరు ఇంటి ముందు బోర్డు దగ్గర మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. తిరుగు ప్రయాణంలో ఎక్కడా ఆగలేదు.

షాపులో మీటరు విప్పాను. ఒక్క పన్ను కూడా అరగలేదు. కొత్త మీటరు, కొత్త కేబులు వేసి మళ్ళీ వెళ్ళాను. అదే కల్వర్టు, అదే బోర్డు. తీసిన మీటరును తెలిసినవాళ్ళ టాక్సీకి బిగించి అదే దారిలో తీసుకుపోయాను. ప్రతి రాయికీ అంకె సరిగ్గా పడింది. దాన్ని మళ్ళీ బావ కారుకు బిగించి, ఒక్కణ్ణే, మెల్లగా నలభై మీద తోలాను. కల్వర్టు దగ్గర ఆగింది.

అప్పుడు నాకు భయం కాదు, కోపం వచ్చింది. నా పని నాకు రాదని ఎవరో వెక్కిరించినట్టు అనిపించింది. ఆ కోపంతోనే మట్టెవాడ వెళ్ళాను. ఆ వెళ్ళడం గురించి ఇప్పటికీ బాధపడుతున్నాను.

మధ్యాహ్నం వేళ. శ్రీనివాస్ మేడ మీద ఒక్కడే ఉన్నాడు. కారుకు ఏం చేయించావని నిలదీసినట్టే అడిగాను. మీటరు ఆగుతోందని చెప్పాను.

"ఏడ ఆగుతాంది?" అన్నాడు.

"రఘునాథపల్లి దాటినంక, సున్నమేసిన కల్వర్టు కాడ. జనగాంల డాక్టరు బోర్డు కాడ మళ్ళ తిరుగుతాంది. పోయేటప్పుడే."

అతను నిలబడినవాడు నిలబడినట్టే గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. అక్కడే కూర్చుని జరిగిందంతా చెప్పుకొచ్చాడు.

అతని భార్య పద్మకు ఏడో నెల. ఒకరోజు పొద్దున ఉన్నట్టుండి రక్తం పోవడం మొదలైంది. హైదరాబాద్ తీసుకుపోదామని వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఒక్కడే బయలుదేరాడు. ఎవరి కోసమూ ఆగలేదు. తన బండంత జోరుగా పోయే బండి ఈ చుట్టుపక్కల లేదని అతని ధైర్యం.

"రఘునాథపల్లిల మంచినీళ్ళు అడిగింది. ఇంకో పది నిమిషాలల్ల జనగాం వస్తది, ఆడ తాగుదువు అన్న. ఊఁ అన్నది. ఇగ నేను ముందటికే చూస్తాన, జోరు మీదున్న. వెనకకు తిరిగి చూడలే. కానీ మాట్లాడుతనే ఉన్న అన్నా. బిడ్డ పుడితే ఏం పేరు పెడుదాం, బండికి ఏ రంగేయిద్దాం, అన్నీ మాట్లాడుతనే ఉన్న. జనగాంల డాక్టరు బోర్డు కనపడితే నీళ్ళకని ఆడ ఆపిన, లేపితే లేవలే. డాక్టరు చూసి పోయిందన్నడు. గప్పుడే పోయిందనుకున్న. ఆడికొచ్చినంకనే పోయిందనుకున్న."

ఆగి, నా మొహంలోకి చూశాడు.

"అంటే కల్వర్టు కాడనేనా? జనగాం దాకా నేను ఎవలతోని మాట్లాడిన?"

కేబులు సంగతి, చక్రం సంగతి ఏదో గొణిగాను. అతను వినడం లేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, గొంతు బయటికి రాకుండా ఏడ్చాడు. అన్ని నెలలుగా అతనికి మిగిలింది ఆ చివరి పది నిమిషాల మాటలు. నేను పోయి వాటిని లాక్కున్నట్టయింది. దిగి వచ్చేస్తుంటే వాళ్ళ నాయన కింద టీ తాగి పొమ్మన్నాడు. తాగలేకపోయాను.

వారం తర్వాత బావ షాపు ముందు బండి ఆపి, "మీటరు మంచిగైంది ప్రకాశ్, ఏం చేసినవ్?" అన్నాడు. నేను ఏమీ చేయలేదు. నమ్మలేక మళ్ళీ పుస్తకం పట్టుకుని పోయాను. కల్వర్టు దగ్గర అంకె ఆగలేదు. శ్రీనివాస్‌తో మాట్లాడిన రోజు తర్వాత ఇక ఎప్పుడూ అక్కడ ఆగలేదు. పద్మ సంగతి నేను బావకు చెప్పలేదు, అక్కకూ చెప్పలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో బాపుకు గుండెనొప్పి వచ్చింది. వరంగల్ దవాఖానలో రెండు రోజులు ఉంచి, హైదరాబాద్ తీసుకుపోవడమే మంచిదన్నారు. పొద్దున ఎనిమిదికి బావ కారు తీశాడు. నేను ముందు సీట్లో, వెనక సరోజక్క. బాపు తల ఆమె ఒడిలో.

రఘునాథపల్లి దాటుతుంటే నా కళ్ళు మీటరు మీదే ఉన్నాయి. కల్వర్టు పోయింది. అంకె తిరుగుతోంది. జనగామ పోయింది. తిరుగుతోంది. అప్పుడు వెనక్కి తిరిగి బాపును చూశాను.

బాపు అప్పుడప్పుడూ కళ్ళు తెరిచేవాడు. ఆలేరు దాటాక అడిగాడు.

"ఏ స్టేషన్ వచ్చింది?"

"ఆలేరు దాటినం బాపూ" అన్నాను.

"రైట్ టైమే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, అక్క కూడా నవ్వింది. అవే ఆయన మాటల్లో చివరివి.

అక్క పాట అందుకుంది. చర్చిలో బాపు ఎప్పుడూ గొంతు కలిపే పాట. ఆయన చెయ్యి పట్టుకుని, సన్నగా, ఒక్కో చరణం రెండేసి సార్లు పాడుతోంది. వాన సన్నగా పడుతోంది. భువనగిరి దాటాం.

దాటిన కాసేపటికి చివరి అంకె నాలుగుకూ అయిదుకూ మధ్య ఆగిపోయింది.

ముల్లు నూరు మీద ఉంది. నేను అంకె వైపే చూస్తున్నాను. అది కదలాలని దేవుణ్ణి ఎంత వేడుకున్నానో ఆయనకే తెలుసు. ఒక కిలోమీటరు రాయి పోయింది. ఇంకొకటి పోయింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగితే అక్క నా మొహం చూస్తుంది.

"మెల్లగ పోనీయుండ్రి, బాపు నిద్రపోయిండు" అంది అక్క వెనకనుంచి.

బావ నా వైపు చూశాడు. "జోరు తగ్గియ్యాల్నా?"

"దగ్గరికొచ్చినం బావా. మెల్లగనే పోనీయి" అన్నాను.

అక్క పాట ఆపలేదు. ఉప్పల్ దాకా, ఊళ్ళోకి వచ్చాక బండ్ల మధ్య ఆగుతూ కదులుతూ దవాఖాన గేటు దాకా పాడుతూనే ఉంది. లోపల డాక్టరు చెయ్యి పట్టి చూసి, కనురెప్పలు ఎత్తి చూసి, దారిలోనే పోయినట్టుందన్నాడు. అక్క ఒప్పుకోలేదు.

"గేటు కాడి దాకా నా పాట వింటనే ఉన్నడు సార్. నా చెయ్యి ఇడువలే" అంది.

డాక్టరు నా వైపు చూశాడు. నేను "అవున్ సార్" అన్నాను.

బాపును వ్యానులో కాజీపేటకు తెచ్చుకున్నాం. నేను, అక్క ఆయన పక్కనే కూర్చున్నాం. బావ ఒక్కడే వెనకాల కారు తోలుకొచ్చాడు. సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు, నేను కారు దగ్గరికి పోయి అంకెలు చూసి లెక్కవేశాను. వచ్చేటప్పటి దారి మొత్తం పడింది. పోయేటప్పుడు భువనగిరి అవతల నుంచి దవాఖాన గేటు దాకా పడలేదు.

ఆ తర్వాత బావ హైదరాబాద్ పోయినప్పుడల్లా మీటరు అక్కడే ఆగేది. బాగుచెయ్యమని నాలుగైదు సార్లు అడిగాడు. సామాను దొరకడం లేదని చెప్పాను. మట్టెవాడలో ఏం జరిగిందో నాకు గుర్తుంది. అక్కకు నిజం చెబితే బహుశా అది కూడా సర్దుకునేదేమో. చెప్పలేదు. ఒక మనిషికి చెప్పి చూశాను, చాలు అనిపించింది. రెండేళ్ళ తర్వాత బావ ఆ కారు కరీంనగర్ వాళ్ళకు అమ్మేశాడు.

చాలా ఏళ్ళకు, అమ్మ పోయిన ఏడు, ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు అక్క ఉన్నట్టుండి అడిగింది.

"తమ్మీ, ఆ దినం నా పాట బాపు మొత్తం విన్నడంటవా?"

"విన్నడక్కా. ఆఖరు దాకా విన్నడు" అన్నాను.

అక్క కళ్ళు తుడుచుకుని లోపలికి పోయి పొయ్యి మీద అన్నం చూసుకుంది. నేను అబద్ధం చెప్పానో లేదో నాకే తెలియదు. ఆగిన అంకెకు అర్థం నేననుకున్నదేనని ఎవరు చెప్పగలరు? కొన్ని వేల మీటర్లు విప్పి బిగించాను. ప్రతిదానికీ ఒక కారణం దొరికింది, ఆ ఒక్కదానికి తప్ప. ఎంత ఆలోచించినా ఈ రోజుకూ నాకు అంతుపట్టలేదు.