శనగచేలో హంసలు

మీ కంచంలోని అన్నం ఎవరో తినేస్తుంటే, తినేవాడు పవిత్రుడా కాదా అని ముందు విచారిస్తారా, చెయ్యి అడ్డం పెడతారా? పక్కవాడి కంచమైతే విచారిస్తూ కూర్చుంటారు. నేనూ కూర్చున్నాను.

నిజాం పాలన పోయి నాలుగైదేళ్లయింది. నేను వికారాబాద్ బడిలో చదువు చెప్పేవాణ్ణి. తాండూరు దగ్గర ఒక ఊరి చెరువుకు చలికాలంలో హంసలు వస్తున్నాయనీ, జనం బళ్లు కట్టుకుని వెళ్లి దండాలు పెడుతున్నారనీ తెలిసింది. ఆ సంగతేదో తేల్చాలని ఒక ఆదివారం రైలెక్కాను.

వెళ్లేసరికి దిగుతున్నాయి. బారులు తీరి, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ. బూడిదరంగు ఒళ్లు, తల వెనక రెండు నల్ల చారలు. అడవి బాతులు. అందంగానే ఉన్నాయి, కాదనను. నీళ్లు వెనక్కి తగ్గిన చెరువు నేలలో ఒక కూలిమనిషి శనగ వేసుకుంది. ఎండాకాలం దాకా ఆమె పిల్లలకు అదే తిండి. బాతులు సరిగ్గా ఆ లేత మొక్కల మీదే వాలాయి.

ఆమె ఒడ్డున వట్టి చేతులతో నిలబడి ఉంది. డబ్బా కొట్టి తోలుతుంటే పటేలు మనిషి వచ్చి డబ్బా గుంజుకుపోయాడట. హంసల మీద మట్టిపెళ్ల విసిరినా వచ్చే ఏడు ఆ నేల దక్కదన్నాడట.

అలా చెప్పించింది పురాణం చెప్పే పంతులు. అక్కడే ఉన్నాడు.

"మానససరోవరం నుంచి వచ్చినయి సారు. పాలు, నీళ్లు వేరు జేస్తయి."

"ఇక్కడ శనగనూ మన్నునూ వేరు చేస్తున్నాయి గదయ్యా," అన్నాను.

జనం నవ్వారు. ఆ నవ్వే నన్ను చెడగొట్టింది. ముక్కు ఆకారం, మెడ పొడవు, శ్లోకాల్లో చెప్పిన రంగు, ఒక్కొక్కటీ తీసుకుని వాదించాను. మధ్యలో ఆమె రెండుసార్లు దగ్గరికొచ్చింది.

"సారూ, గవి హంసలైతె ఏంది, బాతులైతె ఏంది? మేసేది నా శనగనే గద. జర నువ్వన్న తోలు. నిన్నెవరేమంటరు?"

"ఆగమ్మా, ఇది తేలనీ," అన్నాను.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి తేలింది. పంతులు కండువా దులుపుకుని లేచిపోయాడు. అప్పుడు చేను వైపు తిరిగాను. పచ్చదనం లేదు. మొండి కాడలూ, రెట్టలూ.

"గెల్చినవా సారు?" అని అడిగింది ఆమె. వెటకారంగా కూడా కాదు. కొంగు నడుముకు చుట్టుకుని, మిగిలిన మొక్కలేమైనా ఉన్నాయేమోనని వంగి వెతకసాగింది.

ఆ పంతులు మీద నాకు కోపం. పటేలు మీద కోపం. వాళ్లకైనా ఒక నమ్మకమో, ఒక స్వార్థమో ఉంది. నాకేముంది? రెండు వందల అడుగులు నడిచి చప్పట్లు కొడితే నా ఉద్యోగం పోయేది కాదు, నా నేల పోయేది కాదు. ఆ ఒడ్డున పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. నేనే కదల్లేదు. దానికి హేతువాదమని పేరు పెట్టుకుని సాయంత్రం బండికి తిరిగొచ్చాను.

ఇది చదివి తల ఊపుతున్నారు కదూ? ఊపకండి. మీ ఊళ్లోనూ ఎవరి చేతిలోంచో డబ్బా లాక్కునే ఉంటారు. ఈ పుస్తకం మూసి వెళ్లండి. వాదన తర్వాత. ముందు చేలోకి దిగి తోలండి.