టీచర్‌కు రాని ముడి

మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకే ఒక్క చట్టం ఉండేది. ఇంగ్లీషు తప్ప మరో భాష రాయకూడదు. తప్పులతోనైనా సరే, ఇంగ్లీషే రాయాలి. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఆ చట్టాన్ని మొదటిసారి మా క్లాసులోని కిరాణా అంగడాయన మీరాడు. "టీచర్ పోయినారు" అని తెలుగు మాటను తమిళ అక్షరాల్లో పెట్టాడు. తమిళనాడులో ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మా రాజపాళయం వాళ్లలో చాలామంది రాసేది అట్లాగే. నోటికి ఒక భాష, చేతికి ఒక లిపి. ఆ రెండు మాటల కింద మిగతావాళ్లం కూడా అట్లాగే రాశాం. తప్పు రాస్తే దిద్దే మనిషి ఇక లేరు కదా.

ఆమెకు నేను ఎంత రుణపడ్డానో చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పాలి. సొంత డప్పు అనుకోకండి. డప్పు ఎట్లా పగిలిందో చెప్పడానికే.

నేను నూలు మిల్లు స్టోర్సులో పనిచేసినవాణ్ణి. బడి ముఖం చూసింది తక్కువ. మిషన్ల విడిభాగాలు పాత ఇంగ్లీషు పేపర్లలో చుట్టి వచ్చేవి. బేరింగును అరలో పెట్టి, కాగితాన్ని అరచేత్తో సాపు చేసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. చినిగిన కాగితాలు కాబట్టి ఏ వార్తా పూర్తిగా ఉండేది కాదు. ఒక దొంగను కోర్టులో నిలబెట్టారని ఒకసారి చదివాను. శిక్ష పడిందో, వదిలేశారో ఈనాటికీ నాకు తెలియదు. తెలుగు అక్షరాలు కూడా యాభై దాటాక ఇట్లాగే నాకు నేనే నేర్చుకున్నాను; అది వేరే కథ. ఇంగ్లీషు మాత్రం ముప్పై ఏళ్లు చదివాను. వీధిలో ఎవరికి ఏ ఫారం వచ్చినా నింపిపెట్టాను. "ఇంగ్లీషు మామ" అని పేరు పడింది.

ఒక్క సంగతి ఎవరికీ తెలియదు. ఆ ముప్పై ఏళ్లలో ఇంగ్లీషులో నోరు తెరిచి నేను ఒక్క వాక్యం మాట్లాడలేదు.

రిటైరయ్యాక మా మేనల్లుడి బ్యాండేజీ గుడ్డ యూనిట్‌లో స్టాకు చూసుకుంటూ కూర్చున్నాను. ఒకరోజు వాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. విదేశంలో మా గుడ్డ కొనాలనుకునే కంపెనీ తరఫున ఒక మనిషి మూడు నెలల్లో యూనిట్ చూడడానికి వస్తారట. వాళ్లు సరేనంటేనే ఆర్డరు.

"నాకేమి భయం మామా? ఇంగ్లీషుకు నువ్వు ఉండావు. అంతా నువ్వే మాట్లాడు" అన్నాడు.

సరేనని తల ఊపాను. ఆర్డరు పోతే వాడు మళ్లీ తెచ్చుకుంటాడు. నా పేరు పోతే నేను ఎక్కడి నుంచి తెచ్చుకోను?

టీచర్ ఇల్లు మిల్లు రోడ్డు వెనక సందులో ఉండేది. రెండు గదులు, గోడ మీద ఏసు పటం, దాని కిందనే నల్లబల్ల. గవర్నమెంటు స్కూల్లో రిటైరైన తర్వాత, అంగళ్లలో బేరం సద్దుమణిగే వేళ, మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి దాకా పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్పేవారు. నేను వెళ్లి గుమ్మంలో నిలబడి, "ఒక్కరే కష్టపడతా ఉండారు కదా టీచర్, సహాయం చేద్దామని వచ్చినాను" అన్నాను.

ఆమె నన్ను కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూశారు. "సరి సార్. సహాయం చేసేవాళ్లకు వెనక బెంచీ" అన్నారు.

నెల రోజులు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. డస్టరు అందించమనేవారు. అబద్ధం చెప్పి వచ్చినవాణ్ణి అంత మర్యాదగా కూర్చోబెట్టిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

వెనక బెంచీలో కూర్చుంటే తెలిసింది, పెద్దవాళ్లకు చదువు చెప్పడం ఎంత చాకిరో. పిల్లలు తప్పు చెప్పి, మరుక్షణం మరిచిపోయి ఆటకు పోతారు. పెద్దవాళ్లు ఆ తప్పును ఇంటికి మోసుకుపోయి, మరునాడు క్లాసుకే రారు. పైగా మా ఊళ్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నా ఏదో ఒక చుట్టరికం తేలుతుంది. మామగారి ముందు కోడలు నోరు విప్పదు. తమ్ముడి ముందు అన్న తప్పు చెప్పలేడు. బావమరిది ఉన్నాడంటే ఇక అంతే, వాడు చచ్చేదాకా ఎగతాళి చేస్తాడు.

పక్క ఊరు సత్రపట్టి నుంచి టౌన్ బస్సులో ఒక అమ్మ వచ్చేది, బ్యాండేజీ మగ్గం నడిపే మనిషి. భర్త పేరేమిటని టీచర్ ఇంగ్లీషులో అడిగితే తల వంచుకుంది.

"మా ఇంటాయన పేరు నా నోటితో ఎట్లా చెప్పేది టీచర్?"

"ఇంగ్లీషులోనే కదా అమ్మా చెప్పేది. ఇంగ్లీషులో చెప్తే తప్పు లేదు."

"పేరు ఇంగ్లీషులో మారుతాదా టీచర్?"

టీచర్ మారదని ఒప్పుకున్నారు. ఆ అమ్మ వెనక్కి తిరిగి కిరాణా అంగడాయన్ను బతిమాలింది. "అన్నా, నీకు తెలుసు కదా, నువ్వు చెప్పు." ఆయన మంచి మనిషి. లేచి, చేతులు కట్టుకుని, "మై హజ్బెండ్ నేమ్ ఈజ్ పెరుమాళ్" అన్నాడు. ఆ రోజు ఇక పాఠం జరగలేదు. టీచర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీలో కూలబడి నవ్వారు.

ఆమె అసలు పద్ధతి మాత్రం వేరే. క్లాసు మొదలయ్యేది పుస్తకంతో కాదు, బిస్కెట్ల డబ్బాతో. అందులో తెగిన నూలు ముక్కలు ఉండేవి. వచ్చేవాళ్లలో సగం మంది మిల్లుల్లో, మగ్గాల దగ్గర పనిచేసేవాళ్లు. నూలు తెగితే రెండు కొసలు కలిపి ముడి వేయడం వాళ్లకు ఊపిరి పీల్చినంత. చేతికి తగలనంత చిన్న ముడి అది. టీచర్ రెండు కొసలు ఎత్తి పట్టుకుని, "నాకు ఈ ముడి రాదు. నేర్పించండి. ఇంగ్లీషులో నేర్పించండి" అనేవారు.

రోజుకొకరు నేర్పేవారు. ఆమె వేళ్లు తడబడేవి. ముడి పడేది కాదు, పడితే ఉసిరికాయంత పడేది, లాగితే ఊడేది. అందరూ నవ్వేవారు. టీచర్‌ను చూసి ఒకసారి గట్టిగా నవ్వినవాడికి, ఆ తర్వాత ఆమె ముందు తప్పు మాట్లాడడానికి సిగ్గెందుకు?

ఒకరోజు ఆమె డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. "సార్, సహాయం చేస్తామన్నారు కదా. ఈ రోజు మీరు."

కాదనలేకపోయాను. నూలు తీసుకుని మాట లేకుండా చూపించాను. ఆమె తప్పుగా చుట్టారు. మళ్లీ చూపించాను. మళ్లీ తప్పే. మూడోసారి కొసను కింద నుంచి పోనివ్వకుండా పైనుంచి లాగేస్తున్నారు. మిల్లులో ముప్పై ఏళ్లు ఉన్నవాడి కళ్ల ముందు నూలును అట్లా హింసిస్తే ఎవడు ఊరుకుంటాడు? "నో! నో! నాట్ లైక్ దట్! అండర్! గో అండర్!" అని అరిచాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. టీచర్ నూలు కింద పెట్టారు.

"వచ్చింది కదా సార్" అన్నారు. "రేపటి నుంచి ముందు బెంచీ."

డెబ్బైకి దగ్గర పడ్డాక నోటి నుంచి ఊడిపడిన నా మొదటి ఇంగ్లీషు వాక్యం ఒక ఆడమనిషిని కసిరింది. అయినా అంత తియ్యని మాట నేను మరొకటి మాట్లాడలేదు.

చూడడానికి వచ్చిన విదేశీ మనిషి పొడుగాటి ఆడమనిషి. నేను బట్టీ పట్టిన స్వాగతం గాలికి పోయింది. ఆమె గుడ్డలో ఒకచోట వేలు పెట్టి ఇదేమిటని అడిగింది. అది ముడి. నేను నూలు తీసుకుని, "త్రెడ్ కట్. వీ జాయిన్. లుక్" అన్నాను. ఆమె తానూ వేసి చూస్తానంది. "నో, నో, నాట్ లైక్ దట్" అన్నాను. అక్కడి నుంచి మాట దానంతట అదే నడిచింది. ఆర్డరు వచ్చింది.

సాయంత్రం టీచర్‌కు చెబితే, "ఎన్ని తప్పులు చేసినారు?" అన్నారు.

"లెక్క పెట్టలేదు టీచర్."

"మంచిది. ఆమెగానీ లెక్క పెట్టిందా?"

పని అయిపోయినా నేను క్లాసు మానలేదు. తొమ్మిదేళ్లు వెళ్లాను. ఆ తొమ్మిదేళ్లలో టీచర్‌కు ఆ ముడి రానేలేదు. "ఇంత చదువుకున్నారే, ఇంత చిన్న ముడి రాదా!" అని కిరాణా ఆయన జాలిపడేవాడు. నేనైతే ఆమెను ఓదార్చాను కూడా. అందరికీ ఏదో ఒకటి రాకుండా ఉంటుంది టీచర్, బాధపడకండి అని. ఆమె బుద్ధిగా తల ఊపారు. కుడి చూపుడువేలి మీద సన్నటి గాడిలాంటి మచ్చ ఉండేది ఆమెకు. సుద్దముక్క పట్టీ పట్టీ వచ్చిందనుకున్నాను. ముప్పై ఏళ్లు మిల్లులో ఉండి అట్లా అనుకున్నాను చూడండి.

ఆమెను పూడ్చిన రోజు సమాధి దగ్గర నుంచి అందరం తిరిగి టీచర్ ఇంటికి వచ్చాం. టీచర్ అక్కగారు కాఫీ ఇస్తుంటే, మాటల మధ్య నేను ముడి సంగతి ఎత్తాను. పాపం, అదొక్కటే ఆమెకు పట్టుబడలేదు అన్నాను.

ఆ పెద్దావిడ గ్లాసు పట్టుకుని నన్ను వింతగా చూసింది.

"ముడి రాదా? దానికా? ఐయో, ఎవరు చెప్పినారు మీకు? మా అమ్మ, నేను, అది, ముగ్గురం మిల్లులో నూలు చుట్టే వైండింగ్ సెక్షన్‌లో ఒకే వరసలో నిలబడినాము. దానికి పగలు కాలేజీ, సాయంత్రం షిఫ్టు, నాలుగేండ్లు. నూలు వేలిని కోసేది, గుడ్డ చుట్టుకొని పని చేసేది. అది వేసిన ముడిని మేస్త్రీ వెతికినా కనిపెట్టలేకపోయినాడు."

"మరి మాకు ఒక్కసారి కూడా చెప్పలేదే అమ్మా!"

"చెప్పి ఉంటే మీరు నవ్వేవాళ్లా?" అంది. "నేను కూడా అడిగినాను. ఎందుకే ఇట్లా నటిస్తావు అని. సుమ్మా, ఊరికే నవ్వుకోనీ అక్కా, నవ్వినాకనే నోరు తెరుస్తారు అనేది."

లోపలికి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. పైన, ఆఖరి క్లాసులో మేము తెంపిన ముక్కలు నాలుగైదు విడిగా ఉన్నాయి. వాటి కింద ఒక నూలుండ, కొబ్బరికాయంత. మేము వెళ్లిపోయాక రోజూ కూర్చుని, మా ముక్కలన్నీ ముడివేసి చుట్టేవారట.

ఆ ఉండ ఇప్పుడు నా బల్ల మీద, డిక్షనరీ పక్కన ఉంది. మూడు గంటలయితే కొస పట్టుకుని లాగుతాను. తొమ్మిదేళ్లు మేము తెంపిన నూలు. కళ్లు మూసుకుని ముడి కోసం వెతుకుతాను. నా వేళ్ల నడుమ నుంచి అది ఎక్కడా ఆగకుండా జారిపోతూ ఉంటుంది.