అమ్మ ఎడమ కన్ను

డిగ్రీ మూడో ఏడు గుంటూరులో చదువుతూ, కంటిచూపు పరీక్షలు నేర్పే ఆప్టోమెట్రీ కాలేజీలో సీటు కోసం సిద్ధమవుతున్న రోజులవి. ఇంటర్వ్యూలో మనచేత చూపు పరీక్ష చేయించి చూస్తారని సీనియర్ ఒకతను చెప్పాడు. అందుకని ఆదివారం దర్శిలో మా ఇంటికెళ్లినప్పుడు చదువురాని వాళ్లకు వాడే చార్టు ఒకటి వెంట తీసుకెళ్లాను. నలువైపులా తిరిగి ఉండే గీతల్ని చూసి, అవి ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు.

చార్టు పెట్టాల్సిన ఆరు మీటర్ల దూరం ఇంట్లో లేదు. చార్టును ఎదురింటి గోడకు తగిలించి, అమ్మను మా గుమ్మంలో కూర్చోబెట్టాను. మిరపకాయలు కోసి అప్పుడే వచ్చింది. చేతులు ఘాటుగా ఉన్నాయని ఎడమ కన్ను కొంగుతో మూసుకుంది. చివరి వరుస దాకా తడుముకోకుండా చూపించింది. నాకు గర్వంగా అనిపించింది.

"ఇప్పుడు కుడి కన్ను మూసుకో."

మూసుకుని ఊరికే కూర్చుంది.

"చెప్పమ్మా."

"ఏం చెప్పమంటావురా? ఈ కంటికి ఏమీ కనపడదుగా."

వేళాకోళం అనుకున్నాను. దగ్గరికెళ్లి ఫోన్ టార్చ్ వేశాను. రెప్ప కూడా వేయలేదు.

"వెలుగు తెలుస్తోందా?"

"ఎక్కడ?"

గుమ్మం మీదే ఆమె పక్కన కూలబడ్డాను.

"ఎప్పటినుంచమ్మా?"

"నువ్వు ఇంటర్లో చేరినప్పటినుంచి అనుకుంటా. నొప్పేం లేదు. రెండోది బాగానే ఉందిగా, పని ఆగలేదు."

అన్నేళ్లూ ఆమె వడ్డించిన అన్నం తిన్నాను. టీ గ్లాసు పక్కన పోస్తే, చూసి పొయ్యమ్మా అని విసుక్కున్నాను. పిలిస్తే మెడంతా తిప్పి చూడటం ఆమె అలవాటనుకున్నాను. చిన్నప్పటినుంచీ మనుషుల కళ్లను గమనించేవాణ్ణని దరఖాస్తులో రాసింది కూడా నేనే.

మర్నాడు కాలేజీ మానేసి ఒంగోలులో కంటి డాక్టరుకు చూపించాను. నీటికాసులు, అంటే గ్లకోమా, అన్నారాయన. ఎడమ కంటి చూపు ఇక రాదు. కుడి కంట్లోనూ ఒత్తిడి పెరిగింది. రోజూ మందు చుక్కలు వేసుకుంటే ఆ కంటి చూపు నిలబడుతుంది. ఆలస్యమైతే అదీ పోయేదని ఆయన అంటుంటే అమ్మ తలూపుతోంది.

ఇంటర్వ్యూలో ఈ చదువే ఎందుకని అడిగారు. బట్టీ పట్టిన జవాబు పక్కన పెట్టేశాను. జరిగింది చెప్పాను, తడబడుతూనే. అవతల కూర్చున్న మేడం రాయడం ఆపి, "అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారు?" అని మాత్రం అడిగారు.

సీటు వచ్చింది. ఫోన్ చేసి చెబితే అమ్మ, "చేలో మా పక్క సాలులో మిరపకాయలు కోసే ఆవిడకి కూడా ఒకసారి చూడాలిరా. తను కూడా మెడ తిప్పే చూస్తుంది," అంది.