గడి ముందు ఆగిన తొట్టిబండి

మా బాపు ఇశ్రాయేలు మోటార్ సైకిల్ నడిపేవాడంటే ఇబ్రహీంపట్నంలో ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనీ, వాళ్ల ఖర్మ. నిజాం రాజ్యంలో, ఊరవతలి మా వాడవాళ్లకి సైకిల్ ఎక్కడమే పెద్ద నేరమైన రోజుల్లో, మా చర్చికి ఒక మోటార్ సైకిల్ ఉండేది. దాన్ని నడపడానికి ఒక మండలి కూడా ఉండేది.

యుద్ధం మొదలైన ఏడు, చర్చి కట్టించిన విదేశీ పాదిరి తన దేశానికి వెళ్లిపోతూ బండిని ఇక్కడే వదిలేశాడు. దాని పక్కన ఒక మనిషి కూర్చునే తొట్టి ఉండేది కాబట్టి అందరూ తొట్టిబండి అన్నారు. బాపు, బిక్షం, ఎల్లస్వామి ముగ్గురూ మోకాళ్లు చెక్కుకుపోయేలా పడిలేచి నేర్చుకున్నారు. పాస్టరు సిద్దయ్యగారు వాళ్లకు మోటారు మండలి అని పేరు పెట్టారు. పాస్టరుగారిని యాచారం, మంచాలలో జరిగే ప్రార్థన కూటాలకు తీసుకుపోవడం, జబ్బుపడ్డవాళ్లను మిషన్ దవాఖానకు చేర్చడం వాళ్ల పని. ప్రార్థన చేయకుండా బండి కదిలేది కాదు. ఎవరినైనా దవాఖానకు చేర్చి వస్తే, నడిపినవాడు ఆదివారం చర్చిలో నిలబడి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. బండి చెడితే బాగుచేసేది హాషం చాచా. ఆయన నమాజు ఆయనది, మా ప్రార్థన మాది. బండి మాత్రం ఇద్దరిదీ.

మా అమ్మ సంతోషమ్మ మనిషిని కాదు, బండిని చూసి పెళ్లి చేసుకుందని వాడలో ఎగతాళి చేసేవాళ్లు. అమ్మ అవునని అనేది కాదు, కాదనీ అనేది కాదు.

ఇంత గొప్ప మండలికి ఒక్కచోట మాత్రం తల కొట్టేసినట్టయ్యేది. మంచాల బాట మీద ఒక ఊళ్లో దొరగడి ఉంది, కోటలాంటి ఇల్లు. దాని ముందు నుంచి మావాళ్లెవరూ బండెక్కి పోకూడదు. గోడ మొదలయ్యే చోట ఇంజను ఆపి, దిగి, చెప్పులు చేతపట్టుకుని, బండిని నెట్టుకుంటూ పోవాలి. గోడ దాటాక మళ్లీ ఎక్కాలి. తొట్టిలో పాస్టరుగారున్నా సరే, ఆయనా బైబిలు చంకలో పెట్టుకుని దిగి నడవాల్సిందే. ఒకసారి బిక్షం దిగడం ఆలస్యమైందని గడి మనుషులు వీపు చీరేశారు. ఆ వాతలు అతని ఒంటి మీద చివరిదాకా ఉన్నాయి.

నేను పుట్టిన ఏడు ఆ గడికి తాళం పడింది. దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్లకు భయపడి దొర పెళ్లాం పిల్లలతో పట్నం పారిపోయాడు. కాపలావాళ్లు కూడా లేరు. అరుగుల మీద మేకలు పడుకునేవి. ఈ సంగతి అందరికీ తెలుసు, బాపుకీ తెలుసు.

అమ్మ కాన్పుకని మంచాలలో పుట్టింటికి పోయింది. నొప్పులు మొదలై, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. కబురు అందగానే బాపు తొట్టిబండి తీసుకుని పరుగున పోయాడు. అమ్మను తొట్టిలో బొంతలేసి కూర్చోబెట్టుకుని దవాఖానకు బయలుదేరాడు. దారంతా బాగానే వచ్చింది. గడి గోడ మొదలైంది. బాపు ఇంజను ఆపి దిగాడు.

దిగి, చెప్పులు విప్పి, చేత్తో పట్టుకున్నాడు. అమ్మ పంటి బిగువున నొప్పి ఆపుకుంటూ అటు చూసింది. తలుపుకు తాళం ఉంది.

"ఎవల్ని జూసి దిగినవయ్యా?" అంది.

బాపు చెప్పులు కింద పడేశాడు. గబగబా ఎక్కి కిక్కు తన్నాడు. ఇంజను అందుకోలేదు. మళ్లీ మళ్లీ తన్నాడు. వేడెక్కిన బండి, మధ్యలో ఆపితే అంత తొందరగా మాట వినదు. బండిని నెట్టుకుంటూ, ఏడుస్తూ ఆ గోడ దాటాడు. చేలల్లోంచి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి నెట్టారు. చివరికి బండి అందుకుంది గానీ, దవాఖాన చేరేసరికి అమ్మ ఒంట్లో సగం నెత్తురు పోయింది. నేను బతికాను. అమ్మా బతికింది. నా తర్వాత మాత్రం ఆమెకు మళ్లీ కాన్పు కాలేదు.

ఆదివారం బాపు సాక్ష్యానికి లేచాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. ఖాళీ గడికి దండం పెట్టినట్టు దిగానని ఆయన నోరు ఎట్లా చెబుతుంది? "గడి కాడ బండి దానంతటదే ఆగింది. దేవుడే కాపాడిండు" అని కూర్చున్నాడు.

ఆ ఒక్క ముక్క చాలింది. అంతకు ముందు వారమే బండిని విప్పి బిగించింది హాషం చాచా. ఆయన చేసిన పని సరిగ్గా లేదని ఒకరన్నారు. కావాలనే చేశాడేమోనని ఇంకొకరన్నారు. రజాకార్ల పేరు చెబితే జనం తలుపులు మూసుకుంటున్న రోజులవి. అలాంటప్పుడు ఒక తురక మనిషి మీద ఆ మాట పడితే ఊరికే పోతుందా? పంపులు, పిండి గిర్నీలు బాగుచేయడానికి చాచాను పిలవడం మానేశారు. ఆయన ఇంటి గోడ మీద ఎవరో పేడ కొట్టారు. బాపు అన్నీ చూశాడు, నోరు విప్పలేదు. దిగినందుకు నాకు బాపు మీద కోపం లేదు, బిక్షం వీపు చూసినవాడెవడైనా దిగుతాడు. నోరు మూసుకున్నందుకు మాత్రం ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

అమ్మ దవాఖాన నుంచి వచ్చాక ఇదంతా విన్నది.

"నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?" అంది.

"నలుగుట్ల నా ఇజ్జత్ పోతది సంతోషా."

"హాషమన్న ఇజ్జత్ పోతె పర్వలేదా?"

నాకు బాప్తిస్మం ఇచ్చే ఆదివారం బాపు నన్ను ఎత్తుకునే లేచాడు. "బండి ఆగలే. నేనే ఆపిన. దిగి చెప్పులిడిసిన. గడిల ఎవ్వరు లేరు, నాకెరికె. అయినా దిగిన" అన్నాడు. తలెత్తలేకపోయాడట.

తర్వాత మగవాళ్ల వైపు నుంచి బిక్షం లేచాడు. "నేన్ గూడ దిగుతున్ననే. మొన్న గూడ దిగిన" అన్నాడు. ఎల్లస్వామి లేచి తలూపాడు. పాస్టరుగారు బైబిలు మీదే కళ్లు పెట్టుకుని, "నేను కూడా చెప్పులు విప్పే నడుస్తున్నాను" అన్నారు. ఆ గొడవల్లో కూటాలు ఆగిపోయి ఎవరికివారే పోతుండేవాళ్లు కాబట్టి, తాళం పడ్డప్పటి నుంచి ప్రతివాడూ ఒంటరిగా దిగుతూ, పక్కవాడు దిగడం లేదనుకుంటూ, సిగ్గుతో దాచుకున్నాడు.

ప్రార్థన అయ్యాక బాపు, అమ్మ నన్ను ఎత్తుకుని హాషం చాచా ఇంటికి పోయారు. పనిముట్ల పెట్టెకు తాళం వేసి, ఆయన నులకమంచం మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. బాపు జరిగింది చెప్పాడు. తిడతాడని, కొడతాడని, రెంటికీ సిద్ధపడే పోయాడు.

చాచా తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"బండి దానంతటదే ఆగిందంటే నేన్ గూడ నమ్మిన ఇశ్రాయేలూ" అన్నాడు. "ఏ నట్టు వదులుంచిన్నో అని రోజు యాది జేసుకుంటున్న. నా చెయ్యే తప్పు జేసిందని చెల్లె మొఖం జూడనికి రాలే. సిగ్గయింది నాకు."

బాపు గడప అవతలే నిలబడిపోయాడు. చాచా లేచి చేతులు కడుక్కుని వచ్చి, అమ్మ దగ్గర నుంచి నన్ను తీసుకున్నాడు.