హీరోయిన్ వదిన ఎవరండీ?

నేనూ మా అమ్మాయీ పదకొండేళ్లుగా అద్దెకుంటున్న షేక్‌పేట ఫ్లాటును ఓనరు అమ్మకానికి పెట్టాడు. "ముందుగాల మీకే చెప్తున్న మేడం. నెలాఖరు దాకా ఆగుత. లోన్ వస్తే మీరే తీసుకోండ్రి, లేకుంటే బయటోళ్లకిస్త" అన్నాడు. మంచివాడే. ఇరవై ఏళ్లుగా ఫిలింనగర్‌లో సినిమాలకూ సీరియళ్లకూ డబ్బింగ్ చెబుతున్నదాన్ని, నాకు లోను రాకేం అనుకుని జూబ్లీహిల్స్‌లోని బ్యాంకుకు వెళ్లాను.

ఆదాయానికి రుజువు అడిగితే ఓచర్ల కట్ట తీసి ఆఫీసరు ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్కటే తిరగేసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఈ 'హీరోయిన్ వదిన' ఎవరండీ?"

"నేనే."

"'నర్సు టూ'?"

"అదీ నేనే."

మా దగ్గరంతే. ప్రొడక్షన్ మేనేజర్లు డబ్బిచ్చేటప్పుడు ఓచరు మీద మనిషి పేరు రాయరు, ఆ రోజు గొంతిచ్చిన పాత్రను రాస్తారు. నేనూ ఏనాడూ అడగలేదు. సంతకం పెట్టి, డబ్బు పర్సులో వేసుకుని ఆటో ఎక్కేదాన్ని. పన్ను రిటర్నులంటే హీరోలకనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"రూల్స్ టైట్ చేశారండీ. ఇదివరకు అడిగినవాళ్లకల్లా ఇచ్చేస్తే, కట్టలేక ఇళ్లు వేలానికొచ్చాయి. రిటర్నులు వేసి రెండేళ్లాగి రండి. మీ మంచికే" అన్నాడు.

కాదనలేకపోయాను. ఏ కాగితమూ అడగని ఫైనాన్సు వాళ్లను నమ్ముకుని ఇల్లు కొన్న మేకప్‌మేన్ ఒకడు, ఏడాది తిరక్కుండా సామాన్లతో రోడ్డున పడటం కళ్లారా చూశాను. రూలు మంచిదే. మంచిదని తెలిస్తే మాత్రం కడుపుమంట ఆగుతుందా?

నా పేరుతో ఒక్క ఉత్తరం ఇవ్వమని మేనేజర్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. సగం ఆఫీసులు మూతబడ్డాయి. చివరికి ఒకాయన పాపం లెటర్‌హెడ్ మీదే రాసిచ్చాడు, 'హీరోయిన్ వదిన ఈవిడే' అని. నా పేరు అందులోనూ లేదు.

బ్యాంకాయన అది చదివి నవ్వలేదు. "మా అమ్మ రోజూ సీరియల్ పెడుతుందండీ. మొదటిరోజే మీ గొంతు గుర్తుపట్టాను. కానీ విన్నదాన్ని ఫైల్లో పెట్టలేను కదండీ" అన్నాడు.

బయటికొచ్చి ఓనరుకు ఫోన్ చేశాను. బయటివాళ్లకే ఇచ్చుకోమన్నాను.

"గొంతేంది మేడం, గట్లయింది?"

"జలుబండీ."

"ఏడ్వకుండ్రి మేడం" అన్నాడతను. ఎందరి ఏడుపులనో ఊరందరిచేతా నమ్మించినదాన్ని, ఆ ఒక్క మాట నమ్మించలేకపోయాను.