మండుటెండలో మంచు

నేను పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో కంప్రెసర్ గాలి పైపులైన్లు చూసుకుంటాను. పోయిన వేసవిలో మా షిఫ్టుకూ పక్క షిఫ్టుకూ పెయింట్‌బాల్ పోటీ కుదిరింది. రంగు గోళీలు కొట్టే తుపాకి ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఆట ముందురోజు మధ్యాహ్నం పటేల్‌గూడలోని మా డాబా మీద, గోడకు ఆనించిన పాత పరుపు మీదికి వరసపెట్టి పేల్చి చూశాను. మొదటి గోళీలు పరుపుకు తగిలి చిట్లాయి. తర్వాతవి సగం దూరంలోనే రాలిపోయాయి.

జోరు తగ్గిందంటే లీకేజీయే. మా పనిలో అదే వేదం. సర్ఫు నీళ్లు కలిపి, గోళీలను తోయడానికి తుపాకికి బిగించిన చిన్న గ్యాస్ సిలిండర్ చుట్టూ కుంచెతో పూశాను. ఒక్క బుడగ కూడా లేవలేదు. పాతది కొని మోసపోయానని తల పట్టుకున్నాను. వడియాలు తీయడానికి వచ్చిన అమ్మ వంగి చూసింది.

"యేసయ్యా! ఇదేందిరా, నీ సబ్బునీళ్లు గడ్డకట్టినయ్!"

నిజమే. నిప్పులు చెరిగే ఎండలో సిలిండర్ మెడ తెల్లగా మంచు పట్టి ఉంది. ఆపకుండా పేల్చేసరికి లోపలి గ్యాస్ చల్లబడి ఒత్తిడి పడిపోయింది. లీకేజీ ఎక్కడా లేదు.

"నా జిందగీల మంచు సూడలేదురా," అంటూ అమ్మ వేలితో తాకింది. "జెర ఆగు. దాన్ని ఊపిరి తీస్కోనియ్యి."

మంచు కరిగాక పేల్చాను. గోళీ పరుపు నడిమధ్యన పగిలింది.

మర్నాడు ఆట ఓడిపోయాం. నాకు గుర్తున్నది అది కాదు. ఆ ముందురోజు డాబా మీద, గోళీ పరుపుకు తగిలిందని నేను కేక పెట్టినా అటు చూడకుండా, కరిగిన మంచుతో తడిసిన వేలిని చెంపకు ఆనించుకుని నిలబడిపోయిన అమ్మ.